సోమవారం నన్నెవరూ చూడలేదు

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పచ్చడి కౌంటరు నాది. ఏటా నాదే. ఈసారి కుర్చీ వేసుకుని కూర్చుని కప్పులు అందించాను. మైకు పట్టుకున్న పెద్దాయన నన్ను చూసి, "అమ్మాయ్, కోవిడ్ వచ్చి ఎన్నేళ్లయింది, ఇంకా కుర్చీ వదలవా?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కారెక్కాక ఏడ్చాను.

ఆయన చెడ్డవారు కారు. మా అమ్మాయి అన్నప్రాశన నాడు తెల్లవారుజామునే వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. అందుకే ఇంత రాస్తున్నాను.

2022 జనవరిలో నాకు కోవిడ్ వచ్చింది. ఐదు రోజులు జ్వరం, అంతే. జ్వరం పోయింది గానీ నీరసం పోలేదు. కోవిడ్ తగ్గాక కూడా ఇలా నెలల తరబడి వదలని బాధల్నే లాంగ్ కోవిడ్ అంటారు. సింకు దగ్గర నిలబడి పప్పు కడుగుతుంటే గుండె దడ, చేతి వాచీలో 128. కూర్చుంటే 85. థైరాయిడ్, బి12, రక్తహీనత అన్నీ చూశారు. చూడాల్సిందే, ప్రతి నీరసాన్నీ కోవిడ్ మీదికి నెట్టకూడదు. అన్నీ నార్మల్. చివరికి ఒక డాక్టరమ్మ నన్ను కాసేపు పడుకోబెట్టి, తర్వాత పది నిమిషాలు నిలబెట్టి నాడి చూసింది. బీపీ పడిపోకుండా నాడి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే, నెలల తరబడి ఇదే వరసైతే, దాన్ని పాట్స్ అంటారు. ఉప్పు, నీళ్లు పెంచమంది, బిగుతు మేజోళ్లు వేసుకోమంది. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఉప్పు జోలికి పోవద్దు.

అసలు తిరకాసు ఇంకొకటుంది. ఒళ్లు అలిసిన ఫలితం ఆ రోజే తెలియదు, ఒకటి రెండు రోజులాగి మీద పడుతుంది. ఉగాదికి మామిడికాయలు బుధవారం సగం, గురువారం సగం కూర్చునే తరిగాను, శుక్రవారం పడుకున్నాను. శనివారం మీరు చూసింది పట్టుచీర కట్టుకున్న నన్ను. సోమవారం కిటికీ తెరలు దించుకుని, నీళ్ల గ్లాసు రెండు చేతులతో ఎత్తాను. పిల్ల స్కూలు ఫారం ముందు పెడితే చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివాను.

"రోజూ వాకింగ్ చెయ్, అదే పోతుంది" అంటారు. చాలా జబ్బులకు అది మంచి మాటే. కానీ ఇలా ఆలస్యంగా కుప్పకూలేవాళ్లకు బలవంతపు వ్యాయామం చేటు చేస్తుంది. దీనికి దగ్గర చుట్టమైన ఎం.ఈ. అనే, విశ్రాంతికీ తగ్గని తీవ్ర నీరసం జబ్బుకు, మెల్లగా వ్యాయామం పెంచుతూ పోయే చికిత్స వద్దని, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లోనే చెప్పింది. మాకు పేసింగే గతి. ఉన్న జీతంలోనే నెల గడుపుకున్నట్టు, ఉన్న ఓపికలోనే రోజు గడపడం.

2006లో కడపలో అమ్మకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం నాలుగు రోజులు, వేళ్ల కణుపుల నొప్పి ఏడాది. చెంబు కూడా పట్టుకోలేకపోయేది. మా నాయనమ్మ ఆమెను రోలు దగ్గరికి పోనివ్వలేదు. ఎదురింటి అత్త రోజూ రెండు బిందెల నీళ్లు మా గడప దగ్గర దించి పోయేది. రిపోర్టు చూపించమని ఎవరూ అడగలేదు. వీధి వీధంతా మూలిగింది కాబట్టి నమ్మారనుకోండి. అయినా నమ్మారు. జ్వరం తగ్గాక పథ్యం పెట్టి, పనికి పంపకుండా కూర్చోబెట్టడం మన ఇళ్లలో పుట్టిన పద్ధతే. సముద్రం దాటేటప్పుడు ఆవకాయ జాడీ తెచ్చుకున్నాం, ఇదెందుకు వదిలేశాం?

లాంగ్ కోవిడ్ కూడా వైకల్యం కిందికి రావచ్చని అమెరికా ప్రభుత్వమే 2021 జులైలో చెప్పింది. మన సంఘాన్ని చట్టం పేరుతో అడగబుద్ధి కావడం లేదు, ఇంటి మనుషుల్ని అడిగినట్టే అడుగుతున్నాను. దసరాకి ప్రతి కౌంటరు వెనకా రెండు కుర్చీలు వేయండి. మూడు గంటల డ్యూటీని అరగంట ముక్కలు చేయండి. పోయినేడాది కనిపించి ఈ ఏడాది కనిపించని వాలంటీర్లకు ఒక్క ఫోన్ చేయండి. నాకు తెలిసి ఇద్దరున్నారు, చెప్పుకోలేక మానేశారు.

బాబాయ్ గారూ, దసరా అయిన సోమవారం మా ఇంటికి రండి. పిన్నిగారిని కూడా తీసుకురండి, టీ ఆవిడే పెట్టాలి. నేను పడుకునే మాట్లాడతాను.