కడియం పూలు, కడసారి చూపు

మనిషి విలువను లెక్కగట్టే పద్ధతులు మన సమాజంలో అనేకం ఉన్నప్పటికీ, ఎవరూ వేలెత్తి చూపలేని పద్ధతి ఒక్కటే ఉంది: పోయిన రోజున ఆ మనిషి మీద ఎన్ని దండలు పడ్డాయన్నది. ఆస్తి లెక్కలో దాపరికం ఉంటుంది, మంచితనం లెక్కలో మొహమాటం ఉంటుంది. దండల లెక్క మాత్రం వాకిట్లో, పదిమంది ఎదుట తేలిపోతుంది. రాజమహేంద్రవరంలో మా పెదనాన్నగారు కాలం చేసినప్పుడు ఆయన మీద 43 దండలు పడ్డాయి. మా మేనత్తగారి అల్లుడు షామియానా కింద కుర్చీ వేసుకుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టిన సంఖ్య ఇది. ఎదురింటి రిటైర్డు తహసీల్దారుగారికి పడినవి 31 మాత్రమేనని కూడా అతడే గుర్తుచేసి, ఆ దుఃఖ సమయంలో మా కుటుంబానికి కొంత ఊరట కలిగించాడు.

రాజమహేంద్రవరంలో పోయేవారికి ఒక సౌకర్యం ఉంది. కడియం నర్సరీలు, కడియపులంక పూల మార్కెట్టు పక్కనే ఉన్నందువల్ల చామంతి, బంతి, లిల్లీ, గులాబీ ఏ తెల్లవారుజామున కావాలన్నా దొరుకుతాయి. చిక్కల్లా ధరతోనే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గనుక పూలు చవక. శ్రావణంలో పోయినవారు వరలక్ష్మీ వ్రతంతో పోటీ పడవలసి వస్తుంది. కొబ్బరికాయ పీచును కూడా పారవేయనివ్వని మా పెదనాన్నగారు, సరిగ్గా వ్రతానికి ముందురోజున కన్నుమూయడం ఆయన స్వభావానికి బొత్తిగా పొసగని పని. గుడి ముందు మూర పూలకు అయిదు రూపాయలు తగ్గించమని పావుగంటసేపు గీసిగీసి బేరమాడే మా బంధువర్గం, ఆనాడు కొట్టువాడు చెప్పినంతా చేతిలో పెట్టి, చిల్లర కూడా అడగకుండా వచ్చింది. చావు దండకు బేరమాడరాదన్న నియమం ఏ ధర్మశాస్త్రంలో ఉందో నాకు తెలియదు గాని, పూలకొట్ల వారికి మాత్రం అది కంఠతా వచ్చు. దండ చేతికివ్వకముందే "మంచికా బాబూ, చెడ్డకా?" అని వారు ఆరా తీయడం కేవలం సానుభూతి కొద్దీ కాదని నా అనుమానం.

దండ వేయడంలో కూడా ఒక సాంకేతిక సమస్య ఉంది. పూర్వం దండ మనిషి గుండె మీద పడేది. ఇప్పుడు ఐస్ బాక్సు అద్దం మీద పడుతోంది. అద్దం మీద పడిన దండ ముఖాన్ని కప్పేస్తుంది, ముఖం కనబడకపోతే కడసారి చూపు లేదు, అందుచేత వేసిన దండను వెంటనే తీయాలి, అయితే వెంటనే తీస్తే వేసినవారి మనసు నొచ్చుకుంటుంది. ఈ ధర్మసంకటాన్ని పరిష్కరించడానికి మా చిన్నాన్న కొడుకును బాక్సు పక్కన నియమించాము. ఎవరూ నేర్పకుండానే, దండకు ఒక ఫొటో పూర్తయ్యేంత గడువు ఇచ్చి, ఆ తరువాత దానిని కాళ్లవైపు జరిపే చక్కని విధానాన్ని అతడు కనిపెట్టాడు. మధ్యాహ్నం వార్డు నాయకుడొకరు అనుచరులతో వచ్చి నిలువెత్తు గులాబీ దండ వేశారు. తీరా చూస్తే అనుచరుడి ఫోనులో ఫొటో పడలేదు. నాయకుడు దండను తిరిగి చేతిలోకి తీసుకుని, ముఖంలో మునుపటి విషాదాన్నే మళ్లీ తెచ్చుకుని, రెండోసారి వేశారు. దానిని ఒక దండగా లెక్కించాలా, రెండుగా లెక్కించాలా అన్న విషయమై మా మేనత్తగారి అల్లుడు చాలాసేపు మథనపడ్డాడు. మరునాటి పత్రికలో ఆయన "పుష్పాంజలి ఘటించి ఘనంగా నివాళులర్పించారు" అని వచ్చింది. నివాళి ఘనంగా కాక మరోలా అర్పించినట్టు ఏనాడైనా తెలుగు పత్రికలో వచ్చిందా అని వెతుకుతున్నాను.

ఈ ఆచారం మానవజాతి అంత పాతదని వాదించేవారు ఇరాక్‌లోని షానిదర్ గుహను ఉదహరిస్తారు. అక్కడ 1960లో బయటపడిన ఒక నియాండర్తల్ మనిషి అస్థిపంజరం చుట్టూ ఉన్న మట్టిలో పూల పుప్పొడి కనిపించింది. ఆదిమానవుడు కూడా పూలతో సాగనంపాడన్నమాట అని లోకం కరిగిపోయింది. తరువాతి పరిశోధకులు అంత తేలికగా కరగలేదు. ఆ పుప్పొడిని బొరియలు తవ్వుకునే ఎలుకల వంటి జీవులో, గూళ్లు కట్టుకునే తేనెటీగలో చేరవేసి ఉండవచ్చునన్నారు. ఎలుకలే తెచ్చి ఉంటే నాకు వాటిమీద గౌరవం పెరుగుతుంది. పోయినవాడి దగ్గరకు పూలు తెచ్చి, ఫొటో అడగకుండా వెళ్లిపోయిన జీవులు చరిత్రలో మరేవీ నాకు తారసపడలేదు.

రాలేనివారు పూలు పంపడం మరొక శాఖ. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు, తాతయ్య కోసం ఒక యాప్‌లో పుష్పగుచ్ఛం ఆర్డరు చేశాడు. మన భాషలో కలెక్టరుగారికి కొత్త సంవత్సరం రోజున ఇచ్చేదీ పుష్పగుచ్ఛమే, భౌతికకాయం వద్ద ఉంచేదీ పుష్పగుచ్ఛమే కాబట్టి పదం వరకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ఫోను నంబరుతో వచ్చింది. ఆ ఇంటిది అతడి దగ్గర ఉన్న ఒకే ఒక్క నంబరు తాతయ్యదే. ఐస్ బాక్సు పక్కన కిటికీలో ఉన్న పెదనాన్నగారి ఫోను మోగింది. పెద్దమ్మే తీసింది.

"సార్‌కి బొకే వచ్చిందండీ. సార్ ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నారు నాయనా. హాల్లోనే ఉన్నారు, తీసుకురా."

కుర్రవాడు లోపలికి వచ్చి, హాలు చూసి, చెప్పులు ఎక్కడ విడిచాడో మరిచిపోయి, ఓటీపీ అడగకుండానే వెళ్లిపోయాడు. ఓటీపీ చెప్పనిదే పార్శిలు అప్పగించరాదన్న నియమం సడలడం నేను చూసింది ఆ ఒక్కసారే. గుచ్ఛం కింద ఆకుపచ్చటి ఫోమ్ ఇటుక ఉంది. 1954లో అమెరికాలో పుట్టిన ఈ ఇటుక నీరు పీల్చి పూలను నిలబెడుతుంది, మట్టిలో మాత్రం కలిసిపోదు. ఆ రోజు వచ్చిన పూలన్నింటికంటే, వచ్చిన మనుషులందరికంటే ఎక్కువ కాలం మిగిలేది అదే.

అంతిమయాత్ర పొడవునా రాల్చిన బంతిరెక్కల మీద కాలు పెట్టరాదని, మరునాడు వీధిలోని మోటారు సైకిళ్లన్నీ పాములా మెలికలు తిరిగాయి. ఇక దండల సంగతి. వాటిలోని జరీ, థర్మోకోల్ పూసలు సరిగా కాలవని శ్మశానంలోని కాటికాపరి అన్నింటినీ తీయించి గేటు పక్కన పోయించాడు. తిరుమలలో స్వామివారికి వాడిన పూలతో 2021 నుంచి అగరుబత్తీలు తయారవుతున్నాయి గాని, పెదనాన్నగారికి వాడిన పూలకు అంతటి యోగం ఎక్కడిది? ఒక మేక వచ్చి, చామంతులను ఏరుకుని తిని, థర్మోకోలును వదిలి, నాయకుడి గులాబీ దండ దగ్గర కాసేపు ఆగి, దానిని కూడా ముగించింది.

పదో రోజున మళ్లీ పూలు వచ్చాయి. ఈసారి పెద్దమ్మకు. ఆడబంధువులందరూ తలా ఒక మూర తెచ్చి, చివరిసారి అంటూ ఆమె జడ నిండా పెట్టి, తరువాత తీసేశారు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ గ్రామ పంచాయతీ ఇటువంటి తంతులను నిషేధిస్తూ 2022లో తీర్మానం చేసిందని నేను అన్నాను. "అది మహారాష్ట్ర" అని మా మేనత్త అంది. పూలతో ఏ సంబంధమూ మిగలని మనిషికి మోయలేనన్ని పూలు, నలభై ఎనిమిదేళ్లు రోజూ పూలు పెట్టుకున్న మనిషికి ఇక సున్నా. మన పూల పంపిణీ ఎంతటి కట్టుదిట్టమైన ఏర్పాటో ఆ రోజు నాకు అర్థమైంది.

పూలమ్మి మాత్రం ఇప్పటికీ ఉదయం ఏడింటికి ఆ గుమ్మం ముందు ఆగుతోంది. పెద్దమ్మ బేరమాడకుండా మూర కనకాంబరాలు తీసుకుంటుంది, ఫొటోకు అంటుంది. ఫొటోకు మా అన్నయ్య గంధపు చెక్కల దండ వేయించి ఎనిమిది నెలలైంది. దానిమీద నేను ఇంతవరకు ఒక్క కనకాంబరమైనా చూడలేదు.