నోటీసు మీద అక్షతలు

మొన్న శనివారం జరిగిందిది. ఫొటోలు ఇంకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. గ్రూపు మారేకొద్దీ కథ కూడా మారిపోతోంది కాబట్టి, జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పడేద్దామనిపించింది.

నేనూ, మా బావమరిదీ కలిసి కాలిఫోర్నియాలో ఓ చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాం. క్రికెట్ మ్యాచ్ రోజుల్లో కుర్రాళ్లు గుంపుగా వచ్చి కూర్చోవడం, "అన్నా, బీరుందా?" అనడం, లేదనగానే మిర్చి బజ్జీలు పార్సిల్ కట్టించుకుని ఎటో వెళ్లిపోవడం చూసి చూసి, చివరికి మేమూ లైసెన్సుకి పెట్టాం. వేలిముద్రలు, లీజు కాగితాలు, ఏ టేబులు ఎక్కడుందో గీసిన ప్లాను, పెట్టుబడి ఎక్కణ్నుంచి వచ్చిందో లెక్కలు... ఆ పురాణమంతా వదిలేస్తున్నాను. నా తంటా నోటీసుతో వచ్చింది.

ఇక్కడ మద్యం అమ్మదలచుకున్నవాడు ఆ సంగతి ముందుగా ఊరంతా చాటుకోవాలి. షాపు గుమ్మం దగ్గర, వచ్చేపోయేవాళ్లకి కనబడేలా, వరుసగా 30 రోజులు నోటీసు అంటించి ఉంచాలి. అంతకుముందు లైసెన్సు లేని చోటైతే చుట్టూ 500 అడుగుల్లో కాపురముండే ప్రతి ఇంటికీ ఉత్తరం కూడా పంపాలి. ఎవరికైనా అభ్యంతరముంటే గడువులోపల రాసి పంపుకోవచ్చు. అంటే నా మీద ఫిర్యాదు చేయండి మహాప్రభో అని నా ఖర్చుతో నేనే ఇంటింటికీ కబురు పెట్టాలన్నమాట. పెట్టాను.

మాది 41వ రకం లైసెన్సు. బీరు, వైన్ మాత్రమే, అదీ తిండి పెట్టే చోట. విస్కీ, బ్రాందీ కూడా కావాలంటే 47. తిండితో పనిలేని ఉత్త బారైతే 48. అందులో 21 ఏళ్లు నిండనివాళ్లు అడుగు పెట్టకూడదు. ఇంత తేడా ఉంది మరి! నోటీసు చూసేవాళ్లకి ఇదంతా ఎందుకు? పైన 'ఆల్కహాలిక్ బెవరేజెస్' అని బారెడు అక్షరాలు, దాని కింద ఇంటిపేరుతో సహా నా పేరు, అట్టడుగున లైసెన్సు రకం. పైన ఉన్నదీ, నా పేరూ చదివి, నా మొహం వంక ఒకసారి చూసి లోపలికొచ్చేవాళ్లు. అదే తలుపు మీద, వంటింటి శుభ్రత తనిఖీ చేసి కౌంటీ హెల్త్ వాళ్లిచ్చిన పచ్చ కార్డు కూడా ఉంది. లాస్ ఏంజిలిస్‌లో ఏ, బీ, సీ గ్రేడులిచ్చినట్టు మా కౌంటీలో పచ్చ, పసుపు, ఎరుపు కార్డులిస్తారు. ఆ పచ్చ కార్డు నిలబెట్టుకోవడానికి మేం తుడిచిన తుడుపు దేవుడికెరుక. దాని వంక చూసిన కస్టమరు ఈనాటికీ లేడు.

మా పక్క షాపు గురించి కూడా చెప్పాలి. అది గంజాయి షాపు. ఈ రాష్ట్రంలో 2016 నవంబరులో జనం ఓట్లేసి ఒప్పుకున్నారు, 2018 జనవరి 1 నుంచి షాపుల్లో బాహాటంగా అమ్ముతున్నారు. స్కూళ్లకి 600 అడుగుల దూరముండాలి, 21 నిండినట్టు కార్డు చూపించాలి, షాపు తెరిచి ఉన్నంతసేపూ సెక్యూరిటీ మనిషి ఉండాలి. కేంద్ర చట్టం లెక్కలో మాత్రం అది ఇప్పటికీ నేరమే కాబట్టి పెద్ద బ్యాంకులు దగ్గరికి రానివ్వవు, వ్యాపారం చాలావరకు నగదు మీదే నడుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన రూలు ఇంకోటుంది: వాళ్ల సరుకు బయటికి కనబడకూడదు. అందుకని వాళ్ల అద్దాలు తెల్లగా, మూసినట్టు ఉంటాయి, పైన పచ్చటి ప్లస్ గుర్తు. మన పెద్దవాళ్లంతా దాన్ని మెడికల్ షాపనుకుంటారు. వాళ్లది కనబడకూడదు, నాది కనబడి తీరాలి. ఇదెక్కడి న్యాయమో నాకింతవరకు అర్థం కాలేదు.

మా హోటల్ వెనక అపార్టుమెంట్లలో, అంటే సరిగ్గా ఆ 500 అడుగుల లోపల, కూతురి దగ్గరికొచ్చి ఉంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ఉత్తరం ఆయనకీ వెళ్లింది. ఆయన మనవరాలి అన్నప్రాశన శనివారం మా హోటల్లోనే. బుకింగ్ ఎప్పుడో అయిపోయింది, అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. రెండు రోజుల ముందు వచ్చి నోటీసు ముందు నిలబడి, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ మొత్తం చదివారు. "ఏమయ్యా, పిల్లకి మొదటి ముద్ద పెట్టే చోట ఇదేంటయ్యా?" అన్నారు. ఇంకా లైసెన్సు రాలేదండీ, లోపల ఒక్క సీసా కూడా లేదండీ అన్నాను. "చుట్టాలకి అదంతా తెలుస్తుందా? పక్కన చూడు, మందుల షాపువాడు గుమ్మం దగ్గర మనిషిని కూడా పెట్టుకుని ఎంత పద్ధతిగా ఉన్నాడో" అన్నారు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. కౌంటర్లోంచి మా ఆవిడ చూసిన చూపుకి మూసేశాను.

శనివారం పొద్దున నేను వంటింట్లో పాయసం గిన్నె దింపుతుంటే బయట సందడి వినిపించింది. వచ్చి చూస్తే గుమ్మం బయట చెప్పుల కుప్ప. లోపలికొచ్చేవాళ్లంతా తలుపు ముందు ఆగి, చెప్పులు విడిచి, కళ్లకద్దుకుని మరీ వస్తున్నారు. హోటల్‌కి ఇంత మర్యాద ఎప్పటినుంచని బయటికెళ్లి తలుపు చూశాను.

నోటీసు మీద వెంకటేశ్వరస్వామి.

నిలువెత్తు క్యాలెండరు బొమ్మ. తేదీల కాగితాలు చింపేసి, స్వామివారిని మాత్రం తెచ్చి, పార్సిళ్లకి వేసే వెడల్పాటి టేపుతో నాలుగు వైపులా అంటించేశారు. అంటించిన చెయ్యి మామూలు చెయ్యి కాదు, మూలల్లో టేపు మీద టేపు, గాలి బుడగ ఒక్కటి లేదు. కుంకుమ బొట్టు కూడా పెట్టారు. కాకపోతే బొమ్మ నోటీసుకన్నా బెత్తెడు పొట్టి. 'ఆల్కహాలిక్' మాయమైంది, నా పేరు మాయమైంది. స్వామివారి పాదాల కింద మాత్రం అట్టడుగు లైను నల్లగా, స్పష్టంగా మిగిలింది: '41 - ఆన్ సేల్ బీర్ అండ్ వైన్ - ఈటింగ్ ప్లేస్'. ఒకావిడ ఆ లైను మీద చెయ్యి పెట్టి కళ్లకద్దుకోవడం నేను నా కళ్లతో చూశాను.

"అంకుల్, ఇది తియ్యాలండీ" అన్నాను పెద్దాయనతో.

"దేన్ని?"

స్వామిని అని ఎలా అంటాను? "పైదాన్ని" అన్నాను.

"అంటించమన్నారు, అంటించావు. రూలు అక్కడితో సరి. దాని మీద ఇంకోటి అంటించకూడదని ఎక్కడుంది?"

"కనబడాలండీ అంకుల్. కనబడేలా వరుసగా 30 రోజులు ఉంచానని నేను సంతకం పెట్టివ్వాలి."

"ముప్ఫై ఏళ్లు ఊరూరా తిరిగి నోటీసులంటించానయ్యా నేను. ఎండకి రాలిపోయేవి, మేకలు తినేసేవి. కనబడిందా లేదా అని ఒక్కడడగలేదు."

ఇది నెత్తి మీద సుత్తితో కొట్టే మనిషి వాదన కాదు. చాలా శాంతంగా, నాకు ఉద్యోగం నేర్పిస్తున్నట్టు చెప్పారు. ఈలోగా మా బావమరిది లోపల్నుంచి ఒకటే కేక: "బావా, సాంబారు 141!" వాడు ఫుడ్ సేఫ్టీ మేనేజర్ పరీక్ష పాసైన దగ్గర్నుంచి థర్మామీటరు చేతిలోంచి దించడం లేదు. ఇక్కడి రూలు ప్రకారం వేడిగా పెట్టే పదార్థం 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గకూడదు. బఫే గిన్నె కింద మంట డబ్బా ఆరిపోయినట్టుంది, వాడికది వెలిగించాలని తట్టలేదు, నాకు చెప్పాలని మాత్రం తట్టింది.

గోరుతో టేపు మూల లేపాను. టేపుతోపాటు నోటీసు కూడా లేస్తోంది. నోటీసు చిరిగితే కొత్తది తెచ్చుకోవాలి, రోజులు మళ్లీ మొదట్నుంచి లెక్కపెడతారేమోనని నా టెన్షన్ నాది. కూరగాయల కత్తి తెచ్చి మెల్లగా కింద నుంచి దూర్చబోయాను. "అయ్యో, దేవుడి మీద కత్తా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అంతే, లోపలున్నవాళ్లంతా బయటికొచ్చేశారు. పట్టుచీరలు, పట్టుపంచెలు, చంకలో అన్నప్రాశన పాప. అందరి మధ్యలో కత్తి పట్టుకుని నేను. తప్పించుకోవడానికి కూడా దారి లేదు, వెనకంతా చెప్పులు. "బావా, 138!"

కత్తి కింద పెట్టేసి, అసలు సంగతేమిటో అందరికీ వినబడేలా చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది. బీరు నోటీసు కనబడటం కోసం స్వామివారిని పీకేస్తున్నాడని మాత్రమే అందరికీ అర్థమైంది. నిజానికి నేను చేస్తున్నది అదే కాబట్టి కాదనలేకపోయాను కూడా.

అప్పుడు పురోహితుడు గారు కల్పించుకున్నారు. "ఊరికే తీస్తే దోషం గానీ, ఉద్వాసన చెప్పి తీస్తే ఏముందండీ" అన్నారు. ఆ మాట పెద్దాయన కూడా కాదనలేకపోయారు. ఇంకేముంది, పళ్లెంలో అక్షతలొచ్చాయి. అందరి చేతిలో తలా కాసిని పోశారు. హోటల్ గుమ్మంలో, గ్లాసు తలుపు ముందు, దాదాపు యాభైమంది చేతులు జోడించి నిలబడ్డారు. పక్క షాపు సెక్యూరిటీ అతను ఏదో పెద్ద కార్యక్రమమే అనుకుని టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని వెనక గంజాయి కొనుక్కోవడానికొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు కూడా ఆగిపోయారు. యథాస్థానం ప్రవేశయామి అన్నారు పురోహితుడు గారు. శుభం కోసం మళ్లీ దయచేయమని కూడా ఆ మంత్రంలోనే ఉందట. 30 రోజులు పూర్తయ్యాక అని నేను మనసులో కలుపుకున్నాను.

మంత్రం అవుతుండగా నేను రెండు చేతులతో టేపు నెమ్మదిగా లాగాను. కాస్త త్వరగా లాగానేమో తెలీదు, వాళ్లే ఆలస్యం చేశారేమో తెలీదు, స్వామివారు నా చేతుల్లోకి వచ్చేశాక అక్షతలు పడ్డాయి. యాభైమంది అక్షతలూ 'ఆల్కహాలిక్ బెవరేజెస్' మీద పడ్డాయి. టేపు జిగురుకి సగం అక్కడే అంటుకుపోయాయి కూడా. ఫొటో అప్పుడే తీశారు. నోటీసు, దాని నిండా పసుపు బియ్యం, ముందు జోడించిన చేతులు, పక్కన దేవుడి బొమ్మ ఎత్తుకుని నేను.

"బావా, 136! వడ్డించెయ్యమంటావా?"

వడ్డించేశాం. పాప పాయసం బాగానే చప్పరించింది. కత్తీ, బంగారం, పుస్తకం ముందు పెడితే ఏది పట్టుకుందో నేను చూడలేదు, నోటీసు మీద బియ్యం గింజలు గిల్లుతూ బయటే ఉన్నాను. ఉద్వాసన దక్షిణ అన్నప్రాశన ప్యాకేజీలో లేదని పురోహితుడు గారు నా దగ్గరే తీసుకున్నారు. బావమరిది చేతులు తుడుచుకుంటూ వచ్చి, 2025 జనవరి నుంచి గంజాయి కెఫెలవాళ్లు కూడా ఊరు ఒప్పుకుంటే వేడి తిండి, కాఫీ అమ్ముకోవచ్చట బావా, మద్యం మాత్రం కూడదట, ఆ పక్కకి వెళ్లిపోదామా అన్నాడు. వాణ్ని వంటింట్లోకి పొమ్మన్నాను.

చుట్టాలంతా వెళ్లాక పెద్దాయన కౌంటరు దగ్గరికొచ్చారు. జేబులోంచి మేం పంపిన ఉత్తరమే తీసి, మడతలు సాపు చేసి, బల్ల మీద పరిచారు. "భోజనాలు బాగున్నాయయ్యా. సాంబారు ఇంకాస్త వేడిగా ఉండాల్సింది. ఒక పెన్నిస్తావా?"

ఇచ్చాను.

"అభ్యంతరం రాసి పంపుదామని. ఎవరికి పంపాలో ఇందులో ఉందిగానీ, నీ ఇంటిపేరులో 'డి' ఒకటా, రెండా?"

"అందులో ఉంది కదండీ అంకుల్."

"అచ్చు తప్పులు పడుతుంటాయయ్యా. దరఖాస్తుదారుణ్ని అడిగి రాస్తే పక్కాగా ఉంటుంది. పొరపాటుంటే తిప్పి పంపేస్తారు."

"రెండండీ" అన్నాను.

రాసుకుని, ఒకసారి చదువుకుని, కవరులో పెట్టి నా వంక చూశారు. "స్టాంపుందా?"

సొరుగులో ఉంది. ఇచ్చాను.