సరిగ్గా చెప్పినవాళ్లకి చప్పట్లు ఆపండి

స్నేహితులు పదిమంది చేరితే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు: "నా గురించి ఎవరికెంత తెలుసో చూద్దాం రండి." ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాకిష్టమైన రంగేంటి? నా చెప్పుల సైజెంత? నేను కొన్న మొదటి ఫోన్ ఏది? నా పుట్టుమచ్చ ఎక్కడుంది? స్నేహితుల మధ్య కూర్చున్నట్టు ఉండదు, ఏదో దరఖాస్తు ఫారం నింపుతున్నట్టు ఉంటుంది.

చెప్పినవాడికి చప్పట్లు. చెప్పలేనివాడికి "ఇన్నేళ్లనుంచి కలిసి తిరుగుతున్నాం, ఇది కూడా తెలీదురా నీకు?" అని దెప్పిపొడుపు. రంగు గుర్తుపెట్టుకున్నవాడు ప్రాణమిత్రుడు, మర్చిపోయినవాడు పరాయివాడు. జ్ఞాపకశక్తి ఉండటం వేరు, మనిషిని ఎరగడం వేరు. చెప్పుల సైజు చెప్పగలిగినవాడికి, ఆ మనిషి కోపమొస్తే అరుస్తాడో మూగబోతాడో తెలిసి ఉండాలని రూలేం లేదు.

అలాగని ఊహించే ఆటలంటే నాకు పడదనుకోకండి. చాలా ఇష్టం. ఇష్టం కాబట్టే ఈ చిరాకు. నా వాదన ఒకటే: ఈ ఆటల్లో సరైన ఊహ దండగ, తప్పు ఊహే లాభం. సరిగ్గా చెప్పారంటే ముందే తెలిసిన సంగతి ఇంకోసారి తెలిసింది, అంతే. అందరూ తప్పు చెప్పారూ అంటే మన మధ్య మనకి తెలియని మనిషి ఒకరు కూర్చుని ఉన్నారన్నమాట. ఆట ఆపి మాట మొదలుపెట్టాల్సింది అక్కడ. మనం చేసేది దానికి పూర్తిగా తలకిందులు.

ఒకసారి మావాళ్లం ఇలాగే ఆడుతున్నాం. వంతు మాలో అందరికంటే గలగలా మాట్లాడే అమ్మాయిది. ప్రశ్న ఏంటంటే, ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఒంటరిగా గడపాల్సొస్తే తనకది పండగా, శిక్షా? ఆలోచించేదేముంది, అందరం "శిక్ష" అని రాసేశాం. తను ముందే జవాబు రాసి మడిచిపెట్టిన చీటీ విప్పితే "పండగ" అని ఉంది. అబద్ధం, అబద్ధం అని ఒకటే గోల. గోల తగ్గాక తనంది: "నేను కాసేపు ఊరుకుంటే చాలు, ఏమైంది ఏమైంది అని ప్రాణం తీస్తారు కదా మీరు. ఆ ప్రశ్న రాకుండా ఉండటానికే మాట్లాడుతూ ఉంటాను."

ఎంత మాట అది! అన్నేళ్లుగా హుషారు అనుకున్నది కాస్తా మా బాధ పడలేక చేస్తున్న పని అని తేలింది. ఇంతలో ఆట నడిపిస్తున్న పెద్దమనిషి ఏమన్నాడనుకున్నారు? "సరే, ఈ రౌండ్‌లో ఎవరికీ పాయింట్ లేదు, నెక్స్ట్!" నెక్స్ట్ ఏంటి నాయనా? సాయంత్రం మొత్తానికి పనికొచ్చిన మాట అదొక్కటే, దాన్ని సున్నా పాయింట్ల కింద జమకట్టి వెళ్లిపోతావా? నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

దగ్గరివాళ్ల గురించి మనకి బాగా తెలుసన్న ధీమా ఎంత బోలుదో మనస్తత్వ శాస్త్రం వాళ్లు ఎప్పుడో చూశారు. 1997లో విలియం స్వాన్, మైఖేల్ గిల్ అచ్చువేసిన పరిశోధనలో, జంటలు కలిసి ఉన్న కాలం పెరిగేకొద్దీ "తన గురించి నాకు తెలుసు" అన్న నమ్మకం పెరిగింది. ఊహల్లో నిజం పాలు మాత్రం ఆ మేరకు పెరగలేదు. అంటే పాత స్నేహం మనకిచ్చేది చాలాసార్లు తెలియడం కాదు, తెలుసన్న ధీమా. ఇంకా ఇబ్బందిపెట్టే సంగతి 2018లో వచ్చింది. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ కలిసి 25 ప్రయోగాలు చేశారు. "ఎదుటివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించు" అని మనందరం సలహా ఇస్తుంటాం కదా, అలా ఆలోచిస్తే ఎదుటివాళ్ల మనసు మరింత సరిగ్గా తెలుస్తుందా అని చూశారు. తెలియలేదు. నోరు తెరిచి అడిగి తెలుసుకున్నప్పుడు మాత్రం ఊహలు మెరుగుపడ్డాయి.

మరి అలాంటప్పుడు ఊహించడం ఎందుకు, నేరుగా అడిగేయొచ్చుగా అంటారు. అడగొచ్చు. కానీ ఎవరడుగుతారు? తెలుసు అనుకున్నదాన్ని ఎవరూ అడగరు. ఆ అమ్మాయిని "నీకు ఒంటరిగా ఉండటం ఇష్టమేనా" అని అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు, జవాబు మా దగ్గర ఉందనుకున్నాం కాబట్టి. మన దగ్గరున్న జవాబు తప్పని ముందు బయటపడాలి. అందుకు ఆట కావాలి.

ఇక "టూ ట్రూత్స్ అండ్ ఎ లై" సంగతి. రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పాలి, మిగతావాళ్లు అబద్ధం పట్టుకోవాలి. మంచి ఆట. దాన్ని పాడుచేసేది మన డిటెక్టివ్ బ్యాచ్. కళ్లలోకి చూడటం, "ఇందాక ముక్కు గోక్కున్నావు, దొరికిపోయావ్" అనడం. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో పాత అధ్యయనాలన్నీ కూర్చి లెక్కేస్తే, ఎదుటివాళ్లు చెప్పింది నిజమో అబద్ధమో మామూలు మనుషులు సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. కాబట్టి ముక్కు చూసి నువ్వు కనిపెట్టేదేమీ లేదు తమ్ముడూ, కూర్చో. ఆ ఆటలో చూడాల్సింది అబద్ధాన్ని కాదు, రెండు నిజాల్ని. చెప్పినవాళ్లు తమ జీవితం మొత్తంలోంచి ఈ రెండే ఎందుకు ఏరుకున్నారు? ఒకతను "నేను ఇంతవరకూ ఎవరినీ అప్పడగలేదు" అని నిజాల్లో పెట్టాడు. అది గర్వమా, భయమా, దానివెనక ఏదైనా కథ ఉందా? అబద్ధం దొరికిపోయాక ఎవరూ అతన్నేం అడగలేదు. దొంగ దొరికాడు, కేసు మూసేశారు.

ఊహించేవాళ్ల గురించి కూడా ఒక మాట. మన ఊహల్లో సగం మన ముఖమే ఉంటుంది. 1977లో లీ రాస్, ఆయన సహచరులు కాలేజీ విద్యార్థుల్ని "మెడలో పెద్ద బోర్డు తగిలించుకుని క్యాంపస్ అంతా తిరుగుతావా?" అని అడిగారు. సరేనన్నవాళ్లు ఎక్కువమంది తమలాగే ఒప్పుకుంటారని అంచనా వేశారు. కుదరదన్నవాళ్లేమో ఎక్కువమంది తమలాగే కాదంటారనుకున్నారు. మన ఆటల్లోనూ అంతే. "తన మాట పట్టించుకోకపోతే ఆమె ఏం చేస్తుంది?" అన్నదానికి ఒకడు "గొడవపడుతుంది" అని, ఇంకొకడు "మనసులో పెట్టుకుని ఆర్నెల్లు మాట్లాడదు" అని రాశారంటే, నేను చూసేది ఆమె వైపు కాదు, ఆ ఆర్నెల్లవాడి వైపు. అందుకే చీటీ విప్పకముందు ప్రతి ఒక్కరూ "ఎందుకలా అనుకున్నాను" అని ఒక్క ముక్క చెప్పాలంటాను. ఆ ఒక్క ముక్క కోసమే నేను ఈ ఆటలకి వెళ్తాను.

బోర్డు గేములు తయారుచేసేవాళ్లలో కొందరికి ఈ కిటుకు తెలుసు. "డిక్సిట్" చూడండి, 2010లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటకిచ్చే స్పీల్ డెస్ యారెస్ అవార్డు వచ్చింది దానికి. చేతిలో ఉన్న బొమ్మ గురించి ఒక మాట చెప్పాలి, మిగతావాళ్లు ఆ బొమ్మ ఏదో కనిపెట్టాలి. అందరూ కనిపెట్టేస్తే చెప్పినవాళ్లకి సున్నా. ఒక్కరూ కనిపెట్టకపోయినా సున్నాయే. కొందరికి అందాలి, కొందరికి అందకూడదు. ఆ ఒక్క నియమంతో, ఎవరికి మన మాట అందుతుంది, ఎవరికి అందదు అని ఆలోచించక తప్పని పరిస్థితి వస్తుంది. 1984లో వచ్చిన "స్క్రూపుల్స్" ఇంకా నేరుగా ఉంటుంది. ధర్మసంకటం లాంటి ప్రశ్న వేసి, ఎదుటివాళ్లు అవునంటారో, కాదంటారో, "పరిస్థితిని బట్టి" అంటారో ముందే పసిగట్టాలి. పెట్టె కొనాల్సిన పనేం లేదు, చీటీలూ పెన్నూ చాలు.

ఫలానా పని చేసేదెవరో అందరూ వేలెత్తి చూపించే "మోస్ట్ లైక్లీ టు" ఆట గురించి మాత్రం నేను మర్యాదగా మాట్లాడలేను. "మనలో అప్పు తీసుకుని ఎగ్గొట్టేదెవరు?" అనగానే పది వేళ్లూ ఒకడివైపే. పాపం, వాడూ నవ్వుతాడు, నవ్వక ఏం చేస్తాడు? అది ఊహ కాదండీ, తీర్పు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో అంటించిన పేరుని ఏటా రెన్యూవల్ చేయడం. ఆడక తప్పదంటే కనీసం ఒకటి చెయ్యండి: "వీళ్లు నన్నే చూపిస్తారా, లేదా" అని ఎవరికివాళ్లు ముందే రాసుకోవాలి. చూపిస్తారనుకున్నవాడిని ఎవరూ చూపించకపోవడం నేను చూశాను. వాడి ముఖంలో వెలుగు కూడా చూశాను.

"ట్రూత్ ఆర్ డేర్"లో నిజం చెప్పమని మీదపడేవాళ్లకి 1997 నాటి ఇంకో ప్రయోగం గురించి చెప్పాలి. ఆర్థర్ ఆరాన్ బృందం చేసిన 36 ప్రశ్నల ప్రయోగం. ప్రేమలో పడేసే ప్రశ్నలని ప్రచారమైంది గానీ, వాళ్లు కొలిచింది ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ముప్పావుగంటలో పుట్టే చనువుని. అందులో ప్రశ్నలు పైపైన మొదలై మెల్లగా లోతుకి వెళ్తాయి. అంతకంటే ముఖ్యం, ఇద్దరూ జవాబు చెప్పాలి. మన పార్టీల్లో ఒకళ్లని మధ్యలో కూర్చోబెట్టి తొమ్మిదిమంది చుట్టూ చేరి గుచ్చుతారు, అడిగినవాళ్లు మాత్రం పెదవి విప్పరు. అడిగినవాళ్లే ముందు జవాబు చెప్పాలని రూల్ పెట్టి చూడండి, సగం చెత్త ప్రశ్నలు దానంతటవే పోతాయి. "పాస్" అన్నవాళ్లని ఎందుకని అడక్కూడదు. "అబ్బో, ఏదో ఉంది" అని మూలగకూడదు కూడా, అదీ అడగడమే.

ప్రశ్నలు ఎలా ఉండాలంటే, రెండు జవాబులూ మర్యాదగా ఉండాలి, ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ కాకూడదు. నీకు క్షమాపణ చెప్పడం కష్టమా, చెప్పించుకోవడం కష్టమా? తెలిసినవాళ్లు దూరంగా కనిపిస్తే పిలుస్తావా, చూడనట్టు ఫోన్‌లో తల దూరుస్తావా? నీ పని ఎవరైనా పొగిడితే నమ్ముతావా, ఏదో అవసరం పడిందనుకుంటావా? చీటీ మీద జవాబు ముందే రాయించాలి, లేకపోతే అందరి ఊహలూ విన్నాక మొహమాటానికో నవ్వించడానికో మనవాళ్లు మాట మార్చేస్తారు. ఐదుగురు దాటితే రెండు గుంపులు చెయ్యండి. గుంపు పెద్దదైతే ప్రతి జవాబూ ప్రదర్శనైపోతుంది, పైగా మాట్లాడనివాళ్లు ఇంకా లోపలికి పోతారు. రాసే ఆట వాళ్లకి వరం, ఎవరి గొంతు పెద్దదన్న గొడవ ఉండదు.

సరదాకి ఆడుకునేదానికి ఇంత రాద్ధాంతమా అని అడిగేవాళ్లుంటారు. ఎవరూ నిష్ఠగా తపస్సు చేయమనట్లేదు. "శిక్ష" అని అందరం రాసి "పండగ" చూసినప్పుడు లేచిన గోల, ఎవరి రంగో సరిగ్గా చెప్పినప్పుడు ఎప్పుడైనా లేచిందా?

భార్యాభర్తలు కలిసి వచ్చినచోట మాత్రం జాగ్రత్త. 1966లో అమెరికా టీవీలో "ది న్యూలీవెడ్ గేమ్" అని మొదలైంది. కొత్త జంటల్ని విడివిడిగా ప్రశ్నలడిగి, జవాబులు కలిస్తే పాయింట్లిచ్చేవాళ్లు. కలవనప్పుడు జరిగే గొడవే చూసేవాళ్లకి వినోదం. మనింట్లో ఆ వినోదం ఎవరికీ అక్కర్లేదు. స్నేహితుడి తప్పు ఊహ కథ అవుతుంది, మొగుడి తప్పు ఊహ ఫిర్యాదు అవుతుంది. జంటల్ని చెరో గుంపులో వేసి, ఒకరి గురించి ఒకరు రాసే వంతు రాకుండా చూడండి. ఆ రౌండ్ వాళ్లు ఇంటికెళ్లి ఆడుకుంటారు.