స్పీకర్లు కొనేవారికి అందుతున్న సలహాలలో నిజమెంత?

కొన్నాళ్లుగా నెల్లూరులో మా బంధుమిత్రుల వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ ఒకే సందేశం తిరుగుతోంది. ఇంట్లో పాట బాగా వినిపించాలంటే ఎక్కువ వాట్లున్న స్పీకర్లే కొనాలని, వాటికి ఖరీదైన ప్రత్యేక కేబుల్ వెయ్యాలని, అంత స్తోమత లేనివారు విడి స్పీకరును మట్టికుండ మూతి మీద కూర్చోబెడితే కంపెనీ పెట్టెలను మించిన సహజ ధ్వని వస్తుందని, షాపులో పక్కపక్కన పెట్టించి గట్టిగా పలికినదే తీసుకోవాలని, ఇంటికి తెచ్చాక గది మూలలో పెడితే బేస్ (మంద్ర ధ్వని) రెట్టింపవుతుందని దాని సారాంశం. ఇది నమ్మి మా మేనకోడలు సంక్రాంతికి ఒక సెట్టు కొన్నది. పాటలో మాటలు అర్థం కావడం లేదని తను బాధపడడం చూశాక, ఈ సలహాలకు ఒక్కొక్కదానికీ జవాబు రాయాలనిపించింది.

మొదట వాట్ల సంగతి. ఆ సెట్టు అట్టపెట్టె మీద 5000 వాట్లు అని పెద్ద అక్షరాలతోనూ, దాని పక్కన పీఎంపీఓ (క్షణకాలం అందే గరిష్ఠ శక్తి అని చెప్పుకునే అంకె) అని చిన్న అక్షరాలతోనూ ఉంది. దానితో వచ్చిన అడాప్టరును తిరగేసి చూస్తే 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 36 వాట్లు. లోపలికి 36 వాట్లకు మించి తీసుకోలేని యంత్రం పాట సాగినంతసేపూ 5000 వాట్లు బయటికి ఇవ్వడం ఏ విధంగానూ జరగదు. పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి లేదు కనుక, ఆ చోట ఎంత అంకె వేసినా అడిగేవారు లేరు. చూడవలసింది ఆర్ఎంఎస్ అని రాసే నిరంతర శక్తిని. అది నిజాయతీగా రాసినా, శక్తి రెట్టింపైతే పెరిగే ధ్వని 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే ధ్వని స్థాయికి కొలమానం); చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. వాట్ల కంటే ముందు అడగవలసిన అంకె వేరే ఉంది. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో స్పీకరు ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో చెప్పే ఆ అంకెను సెన్సిటివిటీ అంటారు. 91 డెసిబెల్స్ స్పీకరు 25 వాట్లతో చేసే పనికి 85 డెసిబెల్స్ స్పీకరుకు 100 వాట్లు కావాలి. ఇంత లెక్కా గట్టిదనం గురించే తప్ప, గాయకుడి గొంతు గొంతులా వినిపిస్తుందా అన్న ప్రశ్నకు వాట్లు ఏ జవాబూ ఇవ్వవు.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, ఇచ్చే నిరోధం సుమారు 0.12 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరులో దానివల్ల తగ్గేది 0.13 డెసిబెల్. పాట వింటూ ఆ తేడా పట్టుకోవడం జరిగే పని కాదు. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా బిగించడం మాత్రం ముఖ్యం; రెండు స్పీకర్లలో ఒకదానికి అవి తారుమారైతే బేస్ మాయమైపోతుంది.

మట్టికుండ విషయంలో ఖండన రాయడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే నేను పాటలు వినడం నేర్చుకున్నది కుండ దగ్గరే. కోవూరులో మా వీధి మొదట్లో ఉండే సైకిల్ షాపులో, పాత కుండ మూతి మీద 8 అంగుళాల స్పీకరు, దాని మాగ్నెట్ లోపలికి దిగేలా కూర్చుని ఉండేది. విడి స్పీకరు కంటే అది చాలా బాగా పలికేదన్న మాట నిజం. కారణం మాత్రం మట్టి కాదు. స్పీకరు కోన్, అంటే దాని ముందుండే గరాటు ఆకారపు పొర, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. అడ్డేమీ లేకపోతే ముందు గాలి చుట్టూ తిరిగి వెనక్కి చేరడం వల్ల మంద్రస్వరాలు ఒకదానినొకటి చంపుకుంటాయి. మోగుతున్న విడి స్పీకరును చేత్తో పట్టుకుని, అదే కొలత రంధ్రం చేసిన పెద్ద అట్టకు ఆనించి చూడండి. పీలగా ఉన్న పాటకు అప్పటికప్పుడు ఒళ్లు వస్తుంది. కుండ చేసేదీ ఆ పనే. అయితే గుండ్రటి కుండ లోపల తరంగాలు ఒకే శ్రుతి దగ్గర పోగుపడి ప్రతి గొంతుకూ కుండ గొంతును కలుపుతాయి. లోపల దూది కూరితే ఈ దోషం కొంత తగ్గుతుంది గాని, నీళ్ల కోసం చేసిన కుండ పరిమాణం మన స్పీకరుకు సరిపోవడం కాకతాళీయమే. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ నేటి కోన్ స్పీకరుకు రూపమిచ్చారు. 1954లో ఎడ్గర్ విల్చర్ పెట్టెలో మూసిపెట్టిన గాలినే స్ప్రింగుగా వాడుకున్నారు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్క కట్టే దారి చూపారు. ఆ లెక్క ప్రకారం కట్టిన ప్లైవుడ్ పెట్టెకు సాటి రాగల కుండ దొరకడం దాదాపు అసాధ్యం.

గట్టిగా పలికినదే కొనమన్న సలహా అన్నింటికంటే హానికరమైనది. రెండింటిలో ఒకటి కొద్దిగా హెచ్చు ధ్వనితో మోగితే, దానినే నాణ్యమైనదని చెవి పొరబడుతుంది. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ప్రచురించిన పరీక్షలో, ఒకే శ్రోతలు స్పీకర్లను చూస్తూ ఇచ్చిన మార్కులకూ, తెర చాటున వింటూ ఇచ్చిన మార్కులకూ పొంతన కుదరలేదు. తిప్పరాజువారి వీధిలో ఒకప్పుడు గాయకుడు ఎస్పీ బాలు గారి ఇల్లు ఉండిన ఊరు మాది. ఆయన పాటలో హల్లుల స్పష్టతనిచ్చే ధ్వనులు ఎక్కువగా 2000 నుంచి 5000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య ఉంటాయి. బేస్, ట్రెబుల్ (తారస్థాయి ధ్వని) పెంచి మోగించే షాపులో వెనకబడేది ఆ మధ్య భాగమే. కనుక బాగా తెలిసిన గొంతును వెంట తీసుకువెళ్లి, రెండింటి ధ్వనినీ సమానం చేయించి వినాలి.

ఇక గది మూల. మూలలో పెడితే బేస్ పెరగడం వాస్తవమే. పెరిగిన ఆ బేసే గొంతును కప్పేస్తుంది. పైగా 12 అడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 48 హెర్ట్జ్ శ్రుతి నిలబడిపోతుంది. ఫోను నుంచి ఆ శ్రుతిని పెద్ద స్పీకరులో మోగించి ఒక గోడ నుంచి ఎదురు గోడకు నడిస్తే, గోడల దగ్గర హోరెత్తి, గది నడుమ దాదాపు వినపడకుండా పోతుంది. దీనికి తోడు టైల్స్ నేల, స్లాబు కప్పు, ఖాళీ గోడలు ఉన్న మన హాళ్లలో చప్పట్లు కొడితే ఆ శబ్దం వెంటనే అణగదు. మేము మా మేనకోడలి సెట్టును మూల నుంచి రెండున్నర అడుగులు జరిపి, చిన్న స్పీకర్లను చెవి ఎత్తున స్టూళ్ల మీద పెట్టి, నేల మీద జంపఖానా పరిచి, ఎదుటి గోడకు ఒక బొంత వేలాడదీశాము. అదే సెట్టులో అదే పాట మళ్లీ పెడితే, ‘ల’కూ ‘ళ’కూ తేడా వినిపించింది.