"మీరు నడుస్తుండండి, నేను వస్తాను"

స్నేహితులు కలిసి కొండ ఎక్కుతుంటే ఎక్కడో ఒక చోట ఒకరు ఈ మాట అంటారు. "మీరు నడుస్తుండండి, నేను మెల్లగా వస్తాను." చాలా ఏళ్లు నేను ఈ మాటను నమ్మాను. వస్తానన్నాడు కదా, వస్తాడులే అనుకుని ముందుకు పోయేవాణ్ణి. మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టి ఆ మాట నేనే అనాల్సి వచ్చాక గానీ అందులో మొహమాటం ఎంతో, నిజం ఎంతో తెలిసిరాలేదు.

అసలు జరిగేదేమిటంటే, ముందు పోయినవాళ్లు ఒక చెట్టు నీడ చూసుకుని ఆగుతారు. నీళ్లు తాగుతారు, ఫొటోలు తీసుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. పది నిమిషాలకు వెనకవాడు రొప్పుకుంటూ వస్తాడు. "హమ్మయ్య, వచ్చేశావా! ఇక పదండి" అని అందరూ లేస్తారు. విశ్రాంతి అంతగా అక్కర్లేని వాళ్లకు పది నిమిషాలు దొరికింది. కావలసినవాడికి సీసా మూత తీసేంత సేపు కూడా లేదు. ఇలా నాలుగైదు సార్లు జరిగాక అతను ఇంకా వెనకబడితే "ఫిట్‌నెస్ లేదురా నీకు" అంటాం. నేనూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా అభిప్రాయం ఒక్కటే: అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లే ముందు నడవాలి. తోవ బాగా తెలిసి, కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు చివర రావాలి, మందుల సంచీ వాళ్ల దగ్గరే ఉండాలి. ముందు పెడితే వాళ్లకు ఇంకా టెన్షన్ కదా, అందరూ తన వల్లే ఆగుతున్నారని అనిపించదా అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. నిజమే, అనిపిస్తుంది. అందుకే రెండో స్థానంలో ఎవరు నడుస్తారన్నది చాలా ముఖ్యం. మడమలు తొక్కేంత దగ్గరగా వచ్చేవాడు, నిమిషానికోసారి వాచీ చూసేవాడు అక్కడ పనికిరాడు. నడుస్తూ మాట్లాడుకోగలిగితే వేగం సరిపోయినట్టు, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే ఎక్కువైనట్టు.

తోడు ఎవరన్నది పాతకాలం నుంచీ ఉన్న చిక్కే. ఇటలీ కవి పెట్రార్క్ 1336లో వాంటూ పర్వతం ఎక్కానని చెప్పుకున్న లేఖలో, తోడుగా ఎవరిని తీసుకెళ్లాలో తేల్చుకోలేకపోయానని రాశాడు. స్నేహితుల్లో ఒకడు మరీ నెమ్మది, ఒకడు మరీ వేగం, ఒకడికి దిగులెక్కువ, ఒకడికి హుషారెక్కువ. చివరికి తమ్ముణ్ణి తీసుకెళ్లాడు. ఆ తమ్ముడేమో నిటారుగా ఉన్న తోవలో చకచకా ఎక్కేశాడు, కవిగారు సులువు తోవ వెతుకుతూ వెనకబడ్డారు!

ఇక టైమ్ లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నారు. ప్రతి 3 మైళ్లకు ఒక గంట, పైకెక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట. రానుపోను 6 మైళ్లు, ఎత్తు 3,000 అడుగులు అయితే మూడున్నర గంటలు. కానీ ఇది దారుఢ్యం ఉన్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. ఫొటోలూ కబుర్లూ ఉన్న మనలాంటి గుంపుకు నేనైతే దాదాపు రెట్టింపు వేసుకుంటాను. అంతకంటే ముఖ్యం, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో కింద ఉన్నప్పుడే అనుకోవాలి. పైన, శిఖరం కంటికి కనిపిస్తుండగా, ఎవరి బుద్ధీ సరిగ్గా పనిచేయదు.

పోయినసారి మాకు అదే అయింది. ఎండ వేడికి కొండ వాలు మీది గాలి పైకి లేచి మధ్యాహ్నానికి మబ్బులు కట్టడం మామూలే. ఆ రోజు దూరంగా ఉరుము వినిపించింది. పైకి ఇంకో అరగంట ఉంటుందేమో. ముందు నడుస్తున్నవాడు, అంటే మాలో అందరికంటే నెమ్మదస్తుడు, ఆగి వెనక్కి తిరిగాడు. "ఒరేయ్, నాకు అలుపొచ్చి కాదు. దిగిపోదాం" అన్నాడు. ఆ మొదటి వాక్యం చెప్పుకోవాల్సి వచ్చిందే అతనికి, అది నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఇంకొకడు మొహం మాడ్చుకుని, కారు దగ్గరికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మేం సగం దిగేసరికి పైన శిఖరం మబ్బులో మాయమైంది.

దిగడం గురించి ఎవరూ ముందే చెప్పరు గానీ, ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు తొడలు. అడుగడుక్కీ బరువును ఆపుతూ తొడ కండరాలు సాగుతూనే పనిచేస్తాయి, అందుకే ఆ నొప్పి మర్నాడో, ఆ మర్నాడో తెలుస్తుంది. మొహం మాడ్చుకున్నవాడి నుంచి రెండో రోజు మెసేజ్ వచ్చింది: "మెట్లు దిగలేకపోతున్నానురా, మళ్లీ ఎప్పుడు వెళ్దాం?"

వచ్చే నెల అదే కొండకు. ముందు నడిచేది నేను. నా వెనక ఎవరన్నది ఇంకా తేలలేదు. బాగా వాగేవాడైతే మేలు, ఎక్కేటప్పుడు నేను ఊఁ కొడితే చాలు.