కాలేజీలే పిల్లల కోసం వెతుకుతున్న వేళ

ఇంటర్ చివరి పరీక్ష రాసి పిల్ల ఇంటికి చేరకముందే తండ్రి ఫోన్ మోగుతోంది. 'మీ అమ్మాయి బైపీసీ కదండీ, మా దగ్గర సీటుంది, బస్సు ఫ్రీ, ఇప్పుడేమీ కట్టక్కర్లేదు, సర్టిఫికెట్లు మేమే వచ్చి తీసుకుంటాం' అంటుంది అవతలి గొంతు. మా అమ్మాయి ఏ గ్రూపు చదివిందో మీకెలా తెలుసని అడిగితే జవాబు రాదు. ఒకే రోజు మూడు నాలుగు కాలేజీల నుంచి ఇదే మాట. మర్నాడు మండుటెండలో ఇద్దరు లెక్చరర్లు బైకు మీద ఊళ్లోకే దిగుతారు. ఒకప్పుడు డిగ్రీ సీటు కోసం తల్లిదండ్రులు కాలేజీ చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు కాలేజీలు తిరుగుతున్నాయి. దీనివల్ల విద్యార్థికి మేలు జరిగి ఉంటే సంతోషించేవాళ్లం. జరగడం లేదు.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' అనే ఉమ్మడి ఆన్‌లైన్ విధానం ద్వారా సాగుతున్నాయి. సుమారు వెయ్యి కాలేజీల్లో నాలుగు లక్షలకు పైగా సీట్లుంటే, ఇటీవలి ఏళ్లలో చేరుతున్నవారు రెండు లక్షల దరిదాపుల్లోనే ఉంటున్నారు. ఒక్కరు కూడా చేరని కాలేజీల జాబితా ఏటా బయటికొస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సాధారణ డిగ్రీ తరగతి గదులు పలచబడుతున్నాయి.

ఈ ఖాళీలు చూపించి, పిల్లలకు చదువు మీద ఆసక్తి పోయిందని కొందరు పెద్దలు తేల్చేస్తున్నారు. అది అన్యాయమైన మాట. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసువారి చేరిక నిష్పత్తి దేశంలో 28.4 శాతం. తెలంగాణలో అది 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. మన పిల్లలు దేశంలో చాలామంది కంటే ఎక్కువగానే కాలేజీ మెట్లెక్కుతున్నారు. తేడా ఎక్కడుందంటే, సీట్లకు అనుమతులిచ్చినవారు పిల్లల లెక్క చూసుకోలేదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక తల్లికి సగటు సంతానం 1.8కి దిగింది. అప్పటినుంచి పుట్టిన పిల్లలే ఇవాళ ఇంటర్ దాటుతున్నారు. ఏటేటా ఎంతమంది డిగ్రీ వయసుకొస్తారో పదిహేనేళ్ల ముందే అంచనా వేయగలిగిన విషయమిది. ఆ కాలంలోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కూలి పని చేసే ఇంటి నుంచి మొదటి గ్రాడ్యుయేట్‌ను తెచ్చిన పథకం అది. దాని విలువను మేము ఎన్నడూ తక్కువ చేయలేదు, చేయం. ప్రభుత్వమే ఫీజు కడుతుందన్న ధీమాతో సందుకొక కాలేజీ వెలుస్తుంటే అనుమతులిస్తూ పోవడమే తప్పు.

పిల్లల్లో చాలామంది ఇంజనీరింగ్ వైపు, అందులోనూ కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్తున్నారు. 2024-25 నుంచి బ్రాంచీల్లో సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎత్తేయడంతో, పనితీరు బాగున్న కాలేజీలకు అదనపు సెక్షన్లకు దారి తెరుచుకుంది. సివిల్, మెకానికల్ వెలవెలబోతున్నాయి. బిడ్డకు మంచి ఉద్యోగం రావాలని కోరుకునే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు పదివేలు దాటిన విద్యార్థుల్లో ఎక్కువమందికి రీయింబర్స్‌మెంట్ 35 వేల దగ్గర ఆగిపోతుందని, మిగతాది ఇంటిమీద పడుతుందని సీటు ఇప్పించేటప్పుడు ఎవరూ విడమరచి చెప్పరు. రెండో ఏడాదికి తండ్రి అప్పు కోసం తిరుగుతాడు.

మమ్మల్ని అన్నిటికంటే బాధపెడుతున్నది ప్రవేశాల క్యాలెండర్. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఆగస్టులో గానీ మొదలు కాలేదు. నాలుగు నెలలు! డబ్బున్నవాడు ఫలితాలు రాకముందే ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో అడ్వాన్స్ కట్టి సీటు బ్లాక్ చేసుకుంటాడు. లేనివాడు ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తాడు. ఆ నాలుగు నెలల్లో అబ్బాయి ఏ మొబైల్ షాపులోనో, డెలివరీ పనిలోనో కుదురుకుంటాడు. చేతికి నెల జీతం రావడం మొదలయ్యాక మళ్లీ క్లాసులో కూర్చోమంటే ఎంతమంది వస్తారు? అమ్మాయి విషయంలో ఇంకో భయం. ఖాళీగా ఇంట్లో ఉందంటే చాలు, సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఆలస్యం ఆఫీసులో ఒక ఫైలుకి సంబంధించిన విషయంలా కనిపించవచ్చు. ఆ ఇంట్లో అది ఒక చదువు ఆగిపోవడం.

తెలంగాణలో నోటిఫికేషన్ తొందరగానే వస్తున్నా, విడతలు సాగదీయడం వల్ల వేరే ఇబ్బంది. దోస్త్‌లో సీటు తీసుకున్నవారు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిశాక వెళ్లిపోతారు, మళ్లీ స్పెషల్ విడత, మళ్లీ స్పాట్ అడ్మిషన్లు. మొదటి సెమిస్టర్‌లో సగం పాఠాలు అయ్యాక చేరే విద్యార్థికి ఆ పాఠాలు మళ్లీ ఎవరు చెబుతారు?

ఈ గందరగోళంలోనే పీఆర్వోల, అంటే కాలేజీలకు విద్యార్థులను చేర్చిపెట్టే దళారుల వ్యాపారం పెరుగుతోంది. అడ్మిషన్‌కు ఇంత అని కమీషన్. ఇంటర్ విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితాలు చేతులు మారుతున్నాయి. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పించుకుని విద్యార్థి పేరిట తామే వెబ్ ఆప్షన్లు పెట్టేస్తున్నారన్న ఫిర్యాదులు కొత్తవి కావు. అంతకంటే దయనీయం లెక్చరర్ల పరిస్థితి. పీజీ చేసి, లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్టో సెట్టో పాసై, పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాలని వచ్చిన మనిషిని వేసవి అంతా 'ఇన్ని అడ్మిషన్లు తేవాలి' అని ఊళ్ల మీదికి తోలుతున్నారు. టార్గెట్ అందకపోతే జీతం ఆగుతుంది, కొన్నిచోట్ల ఉద్యోగమే పోతుంది. ఆ టెన్షన్‌లో ఆయన విద్యార్థికి నిజం ఎలా చెప్పగలడు? ల్యాబ్ లేదని, నిరుడు ఆ కోర్సులో సగంమంది పాస్ కాలేదని ఎలా చెబుతాడు? గురువు మీద పెట్టుకోవాల్సిన నమ్మకం మొదటి పరిచయంలోనే దెబ్బతింటోంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకెళ్లడం ఇంకో ఉచ్చు. పరిశీలించి తిరిగివ్వాలే తప్ప ఏ కాలేజీ కూడా వాటిని అట్టిపెట్టుకోకూడదని 2018 అక్టోబరులోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) స్పష్టంగా చెప్పింది. నిర్ణీత గడువులోపు సీటు వదులుకుంటే ఫీజు వెనక్కివ్వాలనీ చెప్పింది. ఈ సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు? ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఈ రెండు వాక్యాలు తెలుగులో అతికించడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ప్రైవేటు యాజమాన్యాలనే దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు ఏళ్ల తరబడి కట్టకపోతే చిన్న పట్టణంలోని కాలేజీ ఎలా నడుస్తుంది? బకాయిల కోసం 2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఏకంగా తలుపులు మూసుకోవాల్సి వచ్చింది. బకాయి పడినప్పుడల్లా చివరికి నలిగేది కోర్సు పూర్తిచేసి టీసీ కోసం కాలేజీ గుమ్మం దగ్గర నిలబడ్డ విద్యార్థి. ప్రభుత్వం కట్టాల్సిన డబ్బు ఆ పిల్లవాడి దగ్గర అడుగుతారు.

మరో సంగతి గట్టిగా చెప్పదలిచాం. దోస్త్‌లో చేరేవారిలో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. అంటే సాధారణ డిగ్రీ ఇవాళ చాలావరకు ఆడపిల్లల చదువు. అన్నను అప్పు చేసైనా ఇంజనీరింగ్‌కు పంపే ఇంట్లో చెల్లెలికి దక్కేది పక్క ఊరి బీకామే. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రాగలిగితేనే ఆమె చదువుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. అయితే టికెట్ లేకపోవడం వేరు, తొమ్మిదింటికి ఆ ఊరికి బస్సు ఉండటం వేరు. చేరికలు తగ్గాయన్న ఒక్క లెక్కతో మండలంలో ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ డిగ్రీ కాలేజీని విలీనం చేస్తే, ఆ అమ్మాయి ముప్పై కిలోమీటర్ల అవతలికి వెళ్లదు. చదువు మానేస్తుంది. నగరంలో పక్కపక్కనే ఉన్న ఖాళీ కాలేజీలను కలపండి, మాకు అభ్యంతరం లేదు. మారుమూల కాలేజీకి మాత్రం లెక్చరర్‌ను వేయండి, ల్యాబ్ ఇవ్వండి, ఆ తర్వాత ఎంతమంది చేరారో లెక్కపెట్టండి.

ఇప్పుడు చేయాల్సినవి పెద్ద సంస్కరణలు కూడా కావు. ఫీజు బకాయిలకు నెలవారీ చెల్లింపు తేదీ పెట్టి దానికి కట్టుబడాలి. లెక్చరర్ జీతాన్ని అడ్మిషన్ టార్గెట్‌తో ముడిపెట్టే కాలేజీకి యూనివర్సిటీ అఫిలియేషన్ నిలిపేయాలి. ఏ కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎందరు లెక్చరర్లున్నారు, మొత్తం ఫీజు ఎంత అన్నది ప్రతి కాలేజీ పేరు ఎదుట, ఆప్షన్లు పెట్టే పేజీలోనే కనిపించాలి. విద్యార్థి ఓటీపీ కొట్టేముందు అది చదవగలగాలి. ఇక డిగ్రీ ప్రవేశాల తేదీలు రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ ఫలితాలు ప్రకటించే రోజే, అదే వేదిక మీద మంత్రులే చదివి వినిపించాలి. వచ్చే ఏప్రిల్‌కు ఇంకా వ్యవధి ఉంది.