రింగులో ఏడ్చిన మనిషి

మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన పాత బాక్సింగ్ వీడియోలు వరసగా పెట్టాడు. మొదటిది అందరికీ తెలిసిందే, 1997 జూన్‌లో లాస్ వెగాస్‌లో బాక్సర్ మైక్ టైసన్ తన ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవి కొరకడం. తర్వాత 1993 నాటి ‘ఫ్యాన్ మ్యాన్’. వీపుకి మోటారు ఫ్యాను కట్టుకుని ఒకడు పారాగ్లైడర్‌తో ఎగురుతూ వచ్చి, హోలీఫీల్డ్, రిడిక్ బో కొట్టుకుంటుంటే ఏడో రౌండ్‌లో తాళ్ళ మీద పడ్డాడు. పోటీ 21 నిమిషాలు ఆగింది.

నాకు మాత్రం 1989 నాటి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ సంగతే ఇష్టం. టోనీ విల్సన్ దెబ్బలు తింటుంటే వాళ్ళమ్మ రింగెక్కి, హైహీల్ చెప్పు తీసి, అవతలి బాక్సర్ స్టీవ్ మెకార్తీ నెత్తిన బాదింది. తల చిట్లింది. ఇక నా వల్ల కాదన్నాడు మెకార్తీ. గెలుపు కొడుక్కి ఇచ్చేశారు! మన ఊళ్ళో అయితే ఆవిడ శాపనార్థాలు కూడా పెట్టేది.

వీటికి నేనూ నవ్వాను. చివరి వీడియో కిందా అవే నవ్వు బొమ్మలు పెట్టారు చూశారూ, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. అది ఆలివర్ మెకాల్ అనే బాక్సర్‌ది.

చెవి కొరకడానికి దాదాపు ఐదు నెలల ముందు, 1997 ఫిబ్రవరి 7న, అదే వెగాస్‌లో. రిఫరీ కూడా ఆ చెవి కొరికిన పోటీలో ఉన్న మిల్స్ లేన్ అనే ఆయనే. మెకాల్ అనామకుడేం కాదు, 1994లో లండన్‌లో లెనాక్స్ లూయిస్‌ని రెండో రౌండ్‌లోనే పడగొట్టి ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ లాక్కున్నవాడు. మళ్ళీ లూయిస్‌తోనే పోటీ. మూడో రౌండ్ అయ్యాక విరామానికి తన మూలకి వెళ్ళకుండా రింగులో పచార్లు మొదలుపెట్టాడు. నాలుగో రౌండ్‌లో చేతులు కిందికి వేలాడేసి, లూయిస్‌కి వీపు తిప్పి నడుస్తున్నాడు. ముఖం ముడుచుకుపోయి ఏడుపు. కళ్ళు తుడుచుకుందామన్నా చేతులకి గ్లోవ్స్. కొట్టాలో వద్దో లూయిస్‌కే తెలియలేదు. ఐదో రౌండ్‌లో నిమిషం నిండకముందే లేన్ పోటీ ఆపేశాడు.

డ్రగ్స్ అలవాటుతో అతను సతమతమవుతున్నాడనీ, చికిత్స తీసుకుంటున్నాడనీ అప్పటికే లోకానికి తెలుసు. అయినా బరిలోకి దింపారు. తీరా అతను కూలిపోతే, అతని పారితోషికాన్నే పోటీలని పర్యవేక్షించే రాష్ట్ర కమిషన్ ఆపింది. చెవి కొరికినాయన ఏడాదిన్నరకి మళ్ళీ రింగులో దిగితే జనం ఎగబడి చూశారు. ఏడ్చినవాడు మాత్రం ఇప్పటికీ మనకి కామెడీ క్లిప్పు.

మెకాల్ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆడాడు. 2001లో హెన్రీ అకిన్‌వాండేని పదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. ఆ వీడియో మా గ్రూపులో ఎవరూ పెట్టలేదు.